మా వార్డు అభ్యర్థి ‘పాత కట్టడాలు కాపాడతాను’ అంటున్నారు, నమ్మవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో కోటకు దగ్గరి వార్డులో ఉంటున్నారు, మొదటిసారి ఓటు వేయబోతున్నారు. కార్పొరేటర్‌గా నిలబడుతున్న ఒకాయన మీ వీధిలో మీటింగు పెట్టి మూడు హామీలిచ్చారు. కోటకు ప్రపంచస్థాయి గుర్తింపు తెస్తానన్నారు. శిథిల భవనాలు తీసేసి అదే పాత డిజైన్‌తో కొత్త కాంప్లెక్సులు కట్టిస్తానన్నారు. రోడ్లు వెడల్పు చేయిస్తానన్నారు. ఈయనకు పాత కట్టడాల మీద నిజంగా పట్టింపు ఉందా, ఓటరుగా నేనెలా తేల్చుకోవాలి అని అడిగారు. మీ తాతగారి పెంకుటిల్లు బిల్డర్‌కి ఇచ్చేయాలా వద్దా అని ఇంట్లో టెన్షన్ నడుస్తోందని చివర్లో రాశారు.

నేను 30 ఏళ్లకు పైగా మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచింది. ఎవరికి ఓటేయాలో నేను చెప్పను. ఏం అడగాలో మాత్రం చెప్పగలను.

ముందు ఆయన చేతిలో ఏముందో చూద్దాం. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు కేంద్రం కిందికి వస్తాయి, వాటికి 1958 నాటి చట్టం ఉంది. రాష్ట్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటికి 1960లో చేసిన రాష్ట్ర చట్టం ఉంది. శ్రీకాకుళం వైపు ముఖలింగం గుళ్లు, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటుంది. శాలిహుండాన్ని 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించి లోకానికి చెప్పారు. అలాంటి చోట కార్పొరేటర్ ఒక ఇటుక కూడా కదపలేడు, కాపాడానని చెప్పుకోవడానికీ ఆయనకేమీ ఉండదు.

మీరు రోజూ కాలేజీకి వెళ్తూ చూసేవాటిలో ఎక్కువ శాతం ఈ రెండు చట్టాల్లో దేని కిందికీ రావు. మండువా ఇళ్లు, సత్రాలు, పాత బడి భవనాలు, కొట్ల పైనున్న చెక్క బాల్కనీలు, వీధి చివరి నూతులు, ఇవన్నీ అలాంటివే. వీటిని కూల్చడానికి ఢిల్లీ నుంచో అమరావతి నుంచో ఎవరి అనుమతీ అక్కర్లేదు. మున్సిపల్ ఆఫీసులో ప్లాన్ పాసైతే చాలు, మర్నాడు జేసీబీ వస్తుంది. మీ అభ్యర్థికి నిజంగా పని ఉన్నది ఇక్కడే. ఈ మధ్యలో మిగిలిపోయిన కట్టడాల గురించి ఆయన ఏం చెప్పారో మీ ప్రశ్నలో వెతికాను, ఒక్క ముక్క కనబడలేదు.

2020 సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. ఆ ఒక్క ఏడాదిలోనే ఊరు రెండు గుర్తులు పోగొట్టుకుంది. కోట లోపల 1869లో కట్టిన మోతీమహల్‌ని కూల్చేశారు. కోట బయట, పైడితల్లమ్మ చదురుగుడి దగ్గర కూడలిలో, కిరసనాయిలు దీపాల కాలం నుంచి నిలబడి ఉన్న మూడు లాంతర్ల స్తంభాన్ని కూడలి అభివృద్ధి పేరుతో తీసేశారు. పడగొట్టాక ఊరంతా బాధపడింది, పేపర్లలో వచ్చింది, నాయకులు మాట్లాడారు. పడగొట్టకముందు ఒక్క రోజైనా ఈ విషయం జనం ముందుకు వచ్చి ఉంటే ఏమయ్యేదా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మూడు లాంతర్లు దగ్గర ఆటో ఎక్కుదామనీ, మూడు లాంతర్లు దాటాక ఎడమకు తిరగమనీ ఊళ్లో అందరూ అంటారు. ఆ పేరు పలకని రోజు ఉండదు. అంత వాడుకలో ఉన్నదాన్ని తీయడానికి ముందు జనానికి చెప్పి తీరాలన్న నియమం మాత్రం లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: ‘మన ఊళ్లో కాపాడదగిన కట్టడాల జాబితా తయారు చేయిస్తారా? కౌన్సిల్‌లో తీర్మానం పెట్టి దాన్ని మాస్టర్ ప్లాన్‌లో చేర్చమని ప్రభుత్వానికి పంపుతారా?’ ఇది కార్పొరేటర్ చేయగల పనే. పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణాల నియంత్రణ, సాంస్కృతిక విషయాల ప్రోత్సాహం, ఇవి పట్టణ స్థానిక సంస్థలు చూడదగిన పనులని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లోనే రాసి ఉంది. ‘మా చేతిలో ఏముందండీ, అంతా పైవాళ్లదే’ అంటే ఆయన ఆ షెడ్యూల్ చూడలేదని అర్థం.

జాబితా వల్ల ఏం ఒరుగుతుందని మీకు అనిపించవచ్చు. హైదరాబాద్‌లో 1995లో పట్టణాభివృద్ధి నిబంధనల్లో పాత కట్టడాల జాబితా ఒకటి చేర్చారు. దాన్ని అమలు చేసిన తీరు మీద ఎన్ని విమర్శలున్నా, 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అక్కడ అసెంబ్లీ కట్టాలని తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, ఆ జాబితాయే పనికొచ్చింది. జనం కోర్టుకు వెళ్లారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. జాబితాలో పేరున్నందువల్లే ఆ భవనం తరఫున మాట్లాడేవాళ్లకు చట్టంలో ఆధారం దొరికింది. మన మూడు లాంతర్లకు అలాంటి కాగితం ఏదీ లేదు.

జాబితాతో పాటు ఇంకొకటి అడగండి. అందులో ఉన్న కట్టడం కూల్చడానికి అర్జీ వస్తే, అనుమతి ఇచ్చేముందు కొన్ని వారాలు గడువు పెట్టి, ఆ కట్టడం గోడకే నోటీసు అంటించాలి. అంతకుమించి నేను కోరను. ఆ గడువులో ఎవరో ఒకరు ఫోటోలు తీస్తారు, ఎవరో ఒకరు కొలతలు తీస్తారు, వారసుల్లో ఒకరైనా మనసు మార్చుకోవచ్చు.

ఇప్పుడు ఆయన రెండో హామీకి వద్దాం, పాత డిజైన్‌తో కొత్త కాంప్లెక్స్. వినడానికి బాగుంటుంది. నన్ను అడిగితే మూడింటిలోనూ భయపడాల్సింది దీనికే. ముందు వైపు నాలుగు ఆర్చీలు, రెండు సిమెంటు స్తంభాలు పెట్టి, వెనక ఐదంతస్తులు లేపితే అది పాత కట్టడం అవదు. పాత కట్టడం విలువ దాని ముఖంలో కొంత, గోడల్లో చాలా ఉంటుంది. మన వైపు పాత గోడలు రెండడుగుల మందం, కొన్ని అంతకంటే ఎక్కువ. ఇటుకను డంగు సున్నంతో కట్టారు. సున్నం, ఇసుక కలిపి గానుగలో రోజుల తరబడి తిప్పి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఆ గోడ వానాకాలంలో తడి పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. పైన ఎత్తు పైకప్పు, గాలి ఆడే మండువా. ఏప్రిల్ మధ్యాహ్నం మీ తాతగారి నడిమింట్లో నేల మీద పడుకుంటే ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది.

ఇలాంటి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే లోపలి తడికి బయటికి దారి ఉండదు. నేల నుంచి పైకెక్కిన తేమ సిమెంటు వెనకే ఆగి, ఉప్పు పూసి, లోపలి సున్నాన్ని పొడి పొడిగా రాల్చేస్తుంది. పైకి మాత్రం గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచాక పెచ్చులు ఊడతాయి, అప్పుడు ‘చూశారా, శిథిలమైపోయింది’ అంటారు.

ఇది నేను చదివి చెప్తున్న సంగతి కాదు. చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక ఊళ్లో, ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు, రోడ్డు పక్కన మంచి సత్రం ఒకటి ఉండేది. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నం కొట్టిన మద్రాసు టెర్రస్ పైకప్పు. ఒక మూల కారేది. మరమ్మతుకు డబ్బు వచ్చింది. పాత పద్ధతిలో చేసే మేస్త్రీ దొరకలేదని ఆ టెర్రస్ మీదే నాలుగంగుళాల సిమెంటు కాంక్రీటు వేశారు. అంత బరువు ఆ దూలాలు మోయాలని ఎవరూ లెక్క వేయలేదు. రెండో వానాకాలానికి దూలాలు వంగాయి. ప్రమాదకర భవనమని నోటీసు ఇచ్చారు. ఆ ఫైలు మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కూల్చిన వారం రోజులకు ఆ ద్వారబంధాలు టింబర్ డిపోలో కనిపించాయి, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూల కారడాన్ని సున్నంతో సరిచేసి ఉంటే ఆ సత్రం ఇవాళ్టికీ నిలబడి ఉండేది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

‘శిథిల భవనం’ అన్న మాట విన్నప్పుడల్లా మీరు అడగాల్సింది, శిథిలమని తేల్చిందెవరు అని. మన ఇంజనీర్లలో చాలామందికి కాలేజీలో నేర్పింది కాంక్రీటు. సున్నం గోడలో నెర్రె కనిపించగానే కంగారు పడతారు. పాత నెర్రె ఏళ్ల తరబడి కదలకుండా ఉండవచ్చు. నెర్రెకు అడ్డంగా చిన్న గాజు ముక్క అంటించి కొన్ని నెలలు చూస్తే, గోడ కదులుతోందో లేదో అదే చెప్తుంది. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. ఇంత చిన్న పరీక్ష కూడా చేయకుండా నోటీసులు ఇవ్వడం నేను చూశాను. మనుషులకు నిజంగా ప్రమాదం ఉన్నచోట కూల్చాల్సిందే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. పాత కట్టడాల సంగతి తెలిసిన ఇంజనీరు రిపోర్టు లేకుండా జాబితాలోని దేన్నీ శిథిలమని ప్రకటించనివ్వను అని మీ అభ్యర్థి పదిమందిలో చెప్పగలిగితే, ఆయన ఈ విషయం గురించి ఆలోచించినట్టే.

రోడ్ల వెడల్పు. ఇది లేకుండా కుదరదు, నిజమే. 1885లో కట్టిన గంటస్తంభం చుట్టూ ఇవాళ్టి ట్రాఫిక్ తిరగాలంటే ఎంత కష్టమో రోజూ అనుభవించేవాళ్లు మీరు. అయితే ఏ రోడ్డు, ఎన్ని అడుగులు, ఏ వైపు అని అడగండి. మార్కింగ్ రెండు వైపులా సమానంగా పడాలని ఎక్కడా లేదు. ఒక వైపు కాపాడదగిన కట్టడం ఉంటే గీతను కొంచెం పక్కకు జరపవచ్చు, వన్ వే పెట్టవచ్చు, పార్కింగ్ తీసేయవచ్చు. ప్లానింగ్ సెక్షన్లో కూర్చున్నవాడిగా చెప్తున్నాను, చాలాసార్లు గీత జరపకపోవడానికి కారణం మళ్లీ డ్రాయింగ్ వేయాలన్న బద్ధకమే.

రోడ్ల మాట వచ్చినప్పుడు పైడితల్లమ్మ పండగలో సిరిమాను ఊరేగే దారి గురించి తప్పకుండా అడగండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, చింతమాను చివర పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వచ్చే ఆ దారి కూడా వారసత్వమే. అంత ఎత్తు మాను తిరగడానికి ఆకాశం ఖాళీగా ఉండాలి. పండగ ముందు కరెంటు తీగలు సర్దడం మనం ఏటా చూసేదే. ఆ దారి పొడుగునా భూమిలోంచి కేబుళ్లు వేయిస్తారా, కొత్తగా ఫ్లెక్సీ ఆర్చీలు, ముందుకు పొడుచుకొచ్చే బాల్కనీలు రాకుండా చూస్తారా? అమ్మవారి విగ్రహం దొరికిందని పెద్దలు చెప్పే, తెప్పోత్సవం జరిగే పెద్దచెరువు గట్టు మీద ఆక్రమణల సంగతి ఏం చేస్తారు? కోట గురించి ఉపన్యాసం ఎవరైనా ఇవ్వగలరు. చెరువు గట్టు గురించి మాట్లాడాలంటే కొందరి ఓట్లు పోతాయన్న భయం ఉంటుంది. ఆయన ఏపాటివారో అక్కడ తెలుస్తుంది.

ప్రపంచస్థాయి గుర్తింపు గురించి ఎక్కువ రాయను. యునెస్కోకు ప్రతిపాదన పంపాల్సింది కేంద్ర ప్రభుత్వం. 1713లో మొదలైన మన కోట ఇవాళ రాజవంశం వారు పెట్టిన మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలకు నిలయం. కార్పొరేటర్ కోట గోడకు రంగుల లైట్లు పెట్టించగలడేమో, లోపలి నిర్ణయాలు ఆయనవి కావు. ఈ హామీకి మీరు ఎక్కువ మార్కులు వేయకండి, తక్కువా వేయకండి.

ఈ మధ్య శ్రీకాకుళం వైపు నుంచి ఇంకో రకం హామీ కూడా నా చెవిన పడింది. రక్షిత కట్టడాల చుట్టూ ఇళ్లు కట్టనివ్వని 100 మీటర్ల నిబంధన ఎత్తేయిస్తామని. 2010లో కేంద్ర చట్టాన్ని సవరించినప్పుడు కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధించారు, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి చేశారు. కాదని కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ముఖలింగం లాంటి ఊళ్లో గుడి చుట్టూ తరతరాలుగా కాపురముంటున్నవాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. కానీ దాన్ని మార్చగలిగింది పార్లమెంటు ఒక్కటే. ఇప్పటికే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి 100 మీటర్ల లోపల కూడా అనుమతి అడగవచ్చని అదే చట్టంలో ఉంది. అర్జీలు రాసిపెట్టి, ఆ అనుమతులు త్వరగా వచ్చేలా వెంటపడే నాయకుడు ఆ ఊళ్లకు ఎక్కువ ఉపయోగం.

ఇక యజమానుల సంగతి. పాత కట్టడాలంటే ఇష్టపడేవాళ్లం మనం తరచూ మరిచిపోయేది వీళ్లనే. ఊరి అందం కోసం ఒక కుటుంబం కారే పెంకుల కింద బతకాలనడం న్యాయం కాదు. కలప ధర ఎంతో తెలిసిందే, పెంకులు సర్దే మనుషులు తగ్గిపోయారు, అన్నదమ్ముల వాటాలు ఉండనే ఉంటాయి. కాబట్టి అభ్యర్థిని అడగండి: ‘జాబితాలో పెట్టిన ఇంటి యజమానికి మీరేం ఇస్తారు?’ రోడ్డుకు స్థలం వదిలినవాళ్లకు టీడీఆర్ బాండ్లు ఇస్తున్నారు కదా, అంటే ఇక్కడ కట్టుకోలేకపోయిన హక్కును ఇంకోచోట వాడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. పాత కట్టడాన్ని నిలబెట్టి వాడుకునేవాళ్లకు కూడా టీడీఆర్ ఇచ్చే వీలు రాష్ట్ర భవన నిబంధనల్లో ఉంది. ఇంటిపన్నులో రాయితీ కోసం కౌన్సిల్ ప్రభుత్వానికి రాయవచ్చు. ఇవేవీ చెప్పకుండా ‘ఎవరూ పాత ఇళ్లు కూల్చకూడదు’ అనే నాయకుడి వల్ల ఇంకో ప్రమాదం ఉంది. ఆంక్షలు వస్తాయేమోనన్న భయంతో రాత్రికి రాత్రే కొందరు పడగొట్టేస్తారు.

కట్టడం నిలబడాలంటే అందులో మనుషులు తిరగాలి. మన సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, చదువుకున్నవాళ్లలో ఘంటసాల, సుశీల. ఇప్పటికీ పిల్లలు అక్కడ సాధన చేస్తున్నారు. గురజాడ వారి ఇల్లు స్మారకంగా మిగిలింది, సంతోషమే, కానీ స్మారకానికి జయంతి రోజూ వర్ధంతి రోజూ వచ్చే దండలతో పాటు మిగతా రోజుల్లో ఊడ్చే మనిషి, పెంకు సర్దే మనిషి కావాలి. ‘ప్రారంభోత్సవం తర్వాత ఏటా మరమ్మతుకు బడ్జెట్‌లో ఎంత పెడతారు?’ ఈ ప్రశ్న నేను ఎంతోమంది నాయకులు కూర్చున్న మీటింగుల్లో అడిగాను, జవాబు వచ్చింది చాలా తక్కువసార్లు.

అన్నీ ఒకేసారి అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. జాబితా, నోటీసు గడువు, యజమానికి సాయం, ఈ మూడూ చాలు. ‘నాకు తెలియదమ్మా, కనుక్కుని చెప్తాను’ అంటే అది మంచి జవాబే, వారం తర్వాత మళ్లీ కలిసి గుర్తు చేయండి. పోటీలో ఉన్న మిగతావాళ్లను కూడా ఇవే అడగండి, ఒక్కరినే అడిగితే మిమ్మల్ని అవతలి పార్టీ మనిషి అనుకుంటారు. వీలైతే ఇరుగుపొరుగు నలుగురితో కలిసి వెళ్లండి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

మీ తాతగారి ఇంటి మాట. అమ్మాలా వద్దా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాలి, అందులో నేను చెప్పగలిగేది లేదు. బిల్డర్‌తో కాగితాలు రాసుకునే ముందు మాత్రం కొన్ని పనులు చేయండి. ప్రతి గదీ కొలిచి ప్లాన్ గీసుకోండి, తలుపులు, స్తంభాలు, మండువా ఫోటోలు తీసి పెట్టండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ భాగం ఎప్పుడు కట్టారో అడిగి రాసుకోండి. ముందు వాకిలి, రెండు గదులు ఉంచుకుని వెనక దొడ్డివైపు మాత్రమే కొత్తగా కట్టుకునే వీలుందేమో ఒక ప్లానర్‌ని అడగండి, స్థలం పొడుగ్గా ఉంటే చాలాసార్లు కుదురుతుంది. అప్పటిదాకా ఎవరెంత చెప్పినా గోడలకు సిమెంటు పూయించవద్దు. గోడ నెర్రెల్లో రావి మొక్క మొలిచి ఉంటే ఊరికే పీకేయకండి, వేరు లోపల మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. మేస్త్రీని పిలిచి వేరుతో సహా తీయించి, ఆ సందును సున్నంతో నింపించండి. తొలకరి పడకముందే ఆ పని అయిపోవాలి.